గంజిఫాలో ఖుమాష్: ఆటబల్ల మీద మహసూల్ తారీఖ్

గంజిఫా కట్టలో 96 పత్తాలుంటాయి. ఎనిమిది రంగులు, ఒక్కో రంగుకు పన్నెండు ముక్కలు. తాజ్ అంటే కిరీటం. సఫేద్ అంటే వెండి నాణెం. షంషేర్ అంటే కత్తి. తర్వాత గులామ్, చంగ్ అనే వాద్యం, సుర్ఖ్ అనే బంగారు నాణెం. చివరి రెండు రంగుల పేర్లు బరాత్, ఖుమాష్. బరాత్ అంటే పెళ్లి ఊరేగింపు కాదు, ఖజానా మీద రాసిచ్చే హుకుంనామా. ఖుమాష్ అంటే బట్ట, సరుకు, సౌదా. అంటే మొఘల్ జమానాలో ముగ్గురు కూర్చుని ఆడిన ఆటలో రాజు, కత్తి, బానిసలతో పాటు వ్యాపారం, సర్కారు కాగితం కూడా వచ్చి కూర్చున్నాయన్నమాట.

దోస్తులారా, ఇందులో ఇంకో మజా ఉంది. పై నాలుగు రంగుల్లో (తాజ్, సఫేద్, షంషేర్, గులామ్) పది పెద్దది, ఒకటి చిన్నది. మిగతా నాలుగింట్లో తిరగబడుతుంది. మీర్, వజీర్ తర్వాత ఒకటే బలమైన ముక్క, పది అన్నిటికంటే బలహీనం. సరుకు రంగులో అంకె పెరిగేకొద్దీ బలం తగ్గుతుంది. ఈ కాయిదా పెట్టినవాడు ఏ ఆలోచనతో పెట్టాడో గానీ, సరుకు మీద పన్ను కట్టిన ప్రతి సౌదాగర్‌కూ అది వెంటనే అర్థమవుతుంది.

ఈ మధ్య టారిఫ్ అనే మాట మన ఇళ్లల్లోకి కూడా వచ్చేసింది. అమెరికా 2025లో వేసిన పన్నుల దెబ్బ ఒంగోలు, చీరాల వైపు రొయ్యల చెరువుల దాకా తగిలింది. అదే దెబ్బ ఆటబల్ల మీదికీ వచ్చింది. పేకముక్కలు, చదరంగం, లూడో, పెద్దవాళ్లు గంటల తరబడి ఆడే కొత్తరకం బోర్డు ఆటలు, అన్నీ ఎక్కడో ఒకచోట తయారై, ఏదో ఒక సరిహద్దు దాటి, ఏదో ఒక చౌకీలో మహసూల్ కట్టి వస్తాయి. ఆ మహసూల్ ఎవరు కడతారు, ఆ ముక్క ఏ చెట్టు, ఏ జంతువు, ఎవరి చేతి నుంచి వచ్చింది? ఈ రెండు సవాళ్లూ కొత్తవి కావు. మన అద్దంకి తారీఖ్‌లోనే ఉన్నాయి.

మోటుపల్లి రాయి

అద్దంకి పేరు చెబితే తెలుగు చదివినవాళ్లకు పండరంగని శాసనం గుర్తొస్తుంది. 9వ శతాబ్దంలో, తరువోజ పద్యంలో చెక్కిన శాసనం. ఆ తర్వాత 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి ఇక్కడే రాజధాని పెట్టాడు. ఎర్రన అతని ఆస్థానంలో కవి. ఇవి బడి పుస్తకాల్లో ఉంటాయి. పుస్తకాల్లో తక్కువగా కనిపించేది ఆ రాజ్యం సముద్రం సంగతి. రెడ్డి రాజులకు ఓడరేవు మోటుపల్లి. ఇప్పుడు చినగంజాం దగ్గర ఒక చిన్న ఊరు. ఒకప్పుడు మార్కో పోలో తన సఫర్‌నామాలో 'ముత్ఫిలి' అని రాసుకున్న రేవు.

రెడ్డి రాజులకంటే ముందు ఆ రేవు కాకతీయులది. గణపతిదేవుడు శక సంవత్సరం 1166లో, అంటే 1244-45లో, అక్కడ ఒక శాసనం వేయించాడు. దాన్ని అభయ శాసనం అంటారు. అంతకుముందు రాజులకు ఒక ఆచారం ఉండేది. తుఫానుకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే అందులో మిగిలిన సరుకంతా రాజుదే. సముద్రం సగం ముంచితే మిగతా సగం రాజు ముంచేవాడు. గణపతిదేవుడు ఆ జులుం మానేశాడు. ప్రాణానికి తెగించి సముద్రం దాటి వచ్చే వ్యాపారి సొమ్ము మేం తీసుకోం, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటాం అని రాయి మీద చెక్కించాడు. రేటు కూడా చెక్కించాడు. వచ్చే సరుకు మీద, పోయే సరుకు మీద ముప్పైలో ఒక వంతు. అంటే వందకు మూడు పైచిలుకు.

ఆ రాయి మీద సరుకుల ఫెహరిస్త్ కూడా ఉంది. గంధం, కర్పూరం, చైనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, పునుగు, రాగి, సీసం, పట్టు దారాలు, పగడాలు, మిరియాలు, వక్కలు. వాటి మధ్యలో ఏనుగు దంతం. మోటుపల్లిలో దిగిన దంతంలో ఎంత పాచికలైందో, ఎంత చదరంగం పావులైందో, ఎంత పెట్టెలకూ దువ్వెనలకూ పోయిందో రాయి చెప్పదు. కానీ దంతం ఆ రోజుల్లోనే సుంకం కట్టే సరుకు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికే వస్తాం.

కాకతీయ రాజ్యం పడిపోయాక అద్దంకి రెడ్లు మోటుపల్లిని చేతిలోకి తీసుకున్నారు. ప్రోలయ వేముని కొడుకు అనవోతారెడ్డి కాలంలో రాజధాని కొండవీటికి మారింది. ఆయన 1358లో అదే మోటుపల్లిలో మరో శాసనం వేయించాడు. వారసుడు లేకుండా చనిపోయిన వ్యాపారి ఆస్తిని సర్కారు గుంజుకునే పద్ధతి తీసేశాడు. బంగారం మీద సుంకం ఎత్తేశాడు. గంధం మీద మూడో వంతు తగ్గించాడు. వచ్చి ఉండేవాళ్లకు జాగా ఇస్తాం, వెళ్లిపోతామంటే ఆపం అన్నాడు. ఆ మాటలు తెలుగుతో పాటు తమిళంలో కూడా రాయించాడు, వచ్చేవాడు తన జబాన్‌లో చదువుకోవాలని.

ఇదేం దానధర్మం కాదు. సుంకం ఎక్కువైతే ఓడ ఇంకో రేవుకు పోతుంది. సుంకం ఎంతో ముందే తెలియకపోతే అసలు బయలుదేరదు. రాజుకు కావలసింది ఏడాదికేడాది వచ్చే ఓడలు. అందుకే రేటును నోటిమాటగా ఉంచకుండా రాతిలో పెట్టాడు. సౌదాగర్‌కు ఎక్కువ పన్ను కంటే పెద్ద భయం రేపు ఎంతవుతుందో తెలియని పన్ను.

ఉష్ర్: సరిహద్దు దగ్గర ఇన్సాఫ్

మన తారీఖ్‌లో దీనికి ఒక ముందటి సఫా ఉంది. హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్‌లో అబూ మూసా అష్అరీ (రజి) ఒక సమస్య రాసి పంపారు. మన వ్యాపారులు పరాయి రాజ్యాలకు పోతే వాళ్లు పదో వంతు తీసుకుంటున్నారు, మరి వాళ్లు మన దగ్గరికి వస్తే ఏం చేయాలి? జవాబు సీదాగా వచ్చింది. వాళ్లు మీ దగ్గర ఎంత తీసుకుంటారో మీరూ అంతే తీసుకోండి. రాజ్యంలో ఉన్న జిమ్మీల దగ్గర అందులో సగం, ముస్లిం వ్యాపారి దగ్గర నలభైలో ఒకటి. రెండు వందల దిర్హమ్‌ల కంటే తక్కువ సరుకు ఉన్న చిన్న వ్యాపారి మీద ఏమీ లేదు. ఇమామ్ అబూ యూసుఫ్ తన కితాబుల్ ఖరాజ్‌లో ఈ సంగతి నమోదు చేశారు.

ఎవరి మీద ఎంత అనే తేడాల గురించి ఈ రోజు మనం బహస్ చేసుకోవచ్చు. ఆ కాలం రాజ్యాల హిసాబ్ వేరు. నేను చూపించాలనుకున్నవి రెండే రెండు. ఒకటి, ఎదుటివాడు నిజంగా ఎంత తీసుకుంటున్నాడో కనుక్కుని అంతే వేయడం. రెండు, బుట్టలో సరుకు పెట్టుకుని తిరిగే గరీబును చౌకీ దగ్గర ఆపకపోవడం.

అమెరికా అధ్యక్షుడు ట్రంప్ 2025 ఏప్రిల్ 2న 'రెసిప్రోకల్ టారిఫ్' అని ప్రకటించినప్పుడు చాలామంది ఇదే తరహా అనుకున్నారు. కానీ ఆ అంకెలు అవతలి దేశం వేస్తున్న పన్ను నుంచి రాలేదు. ఆ దేశంతో అమెరికాకున్న వ్యాపార లోటును, అక్కడి నుంచి వచ్చే దిగుమతులతో భాగించి, వచ్చినదాన్ని సగం చేసి తీసిన అంకెలు. పేరు బదులుకు బదులు, హిసాబ్ మాత్రం వేరు. ఇక రెండో ఉసూల్ సంగతి. 800 డాలర్ల లోపు చిన్న పార్సిళ్లకు ఉన్న సుంకం మినహాయింపును అన్ని దేశాలకూ 2025 ఆగస్టు 29 నుంచి తీసేశారు. దాంతో మన తపాలా శాఖ అమెరికాకు చాలా రకాల పార్సిళ్లు తీసుకోవడం ఆగస్టు 25 నుంచి ఆపేసింది, అక్టోబర్ నడుమ మళ్లీ మొదలుపెట్టింది. కంటెయినర్ నింపి పంపే సేఠ్‌కు వకీళ్లుంటారు, గోదాములుంటాయి. ఒక బొమ్మ, ఒక చదరంగం సెట్టు పోస్టులో పంపుకునే కారీగర్‌కు ఆ తపాలా కౌంటరే ఓడరేవు.

దంతం, గవ్వ

ఇప్పుడు దంతం దగ్గరికి వద్దాం. గంజిఫా పత్తాల్లో రెండు తరగతులుండేవి. నవాబులు, అమీర్ల కోసం చేసేవి దర్బార్ కలం. దంతపు పలకల మీద, తాబేటి చిప్ప మీద బంగారు రంగుతో వేసినవి. మామూలు జనం కోసం చేసేవి బాజార్ కలం. బట్ట, కాగితం అంటించి, రంగు పూసి, లక్క పట్టించినవి. బాబర్ 1527లో సింధ్‌లోని షా హసన్‌కు గంజిఫా పంపించినట్టు బాబర్‌నామాలో ఉంది. హిందుస్తాన్‌లో ఈ ఆట గురించి దొరికే పాత గవాహీల్లో అదొకటి. ఆ తర్వాత ఈ హునర్ దక్కన్‌కు వచ్చి నిర్మల్ నకాషీల చేతిలో పడింది. నకాషీ అనే మాటే నక్ఖాష్ నుంచి వచ్చింది. ఆడేవాడు ఒక మజ్‌హబ్, గీసేవాడు ఇంకో మజ్‌హబ్. అదే గుండ్రటి పత్తాల మీద దశావతారాలు వేసి 120 ముక్కల ఆట కూడా తయారుచేశారు.

తెలుగు నేల మీద దంతంతో ఆటబల్లలు చేసిన ఇంకో ఊరు విశాఖపట్నం. 18వ శతాబ్దంలో అక్కడి కంసాలి కారీగర్లు ఇంగ్లీషు దొరల కోసం పెట్టెలు, కుర్చీలు, మడతపెట్టే చదరంగం బల్లలు చేసేవాళ్లు. గంధపు చెక్క, కొమ్ము, తాబేటి చిప్ప, దంతం. దంతం మీద సన్నగా గీసి నల్ల లక్క నింపేవాళ్లు. అవి ఇప్పుడు లండన్ మ్యూజియంలో అద్దాల వెనక ఉన్నాయి. చూస్తే కళ్లు తిప్పుకోలేం.

మరి ఏనుగు? మోటుపల్లి రాయి నుంచి విశాఖ బల్ల దాకా దంతం ఎక్కడి నుంచి వచ్చింది, ఎంతకు వచ్చింది అనే అడిగారు. ఎలా వచ్చింది అని ఏ చౌకీదారూ అడగలేదు. సుంకం ఆ ప్రశ్న అడగదు. దాని కంటికి సరుకు, బరువు, విలువ కనిపిస్తాయి. ఆ ప్రశ్న చట్టంలోకి రావడానికి మోటుపల్లి శాసనం తర్వాత ఏడు వందల ఏళ్లు పట్టింది. మన వన్యప్రాణి చట్టం 1972లో వచ్చింది. 1986 సవరణతో దేశీ దంతం వ్యాపారం, 1991 సవరణతో ఆఫ్రికా దంతం వ్యాపారం బందయ్యాయి. ఆఫ్రికా దంతం మీద అంతర్జాతీయ నిషేధం 1990లో అమల్లోకి వచ్చింది.

గవ్వల కథ ఇంకా చేదు. అష్టా చెమ్మా, పచ్చీసు ఆడిన ప్రతి ఇంట్లో గవ్వలుండేవి. ఆ గవ్వల పెద్ద ఖజానా మాల్దీవులు. ఇబ్న్ బతూతా 1343-44లో అక్కడ ఖాజీగా పనిచేసినప్పుడు గవ్వలే డబ్బుగా చెలామణి కావడం, అవి బెంగాల్‌కు ఓడల్లో పోవడం రాసిపెట్టాడు. తర్వాతి శతాబ్దాల్లో డచ్చి, ఇంగ్లీషు కంపెనీలు అవే గవ్వలను టన్నుల కొద్దీ పశ్చిమ ఆఫ్రికాకు తరలించి, వాటితో మనుషులను కొన్నాయి. పిల్లలు నేల మీద దొర్లించే గవ్వతోనే అవతల ఒక మనిషి ఖీమత్ కట్టారు. గవ్వ తప్పు కాదు. సరుకు తన ప్రయాణం గురించి తనే చెప్పదు, అడిగేవాళ్లు ఉండాలి.

గవ్వలు దొరకని ఇళ్లల్లో మన నానీలు చింతపిక్కలను ఒక పక్క అరగదీసి ఆడేవాళ్లు. నలుపు, తెలుపు. చింతపిక్కకు ఏ రేవులోనూ మహసూల్ లేదు, దాని వెనక ఎవరి ఆహ్ లేదు.

సాయర్, కరోడ్‌గిరి, ఇస్పేటు ఆసు

కంపెనీ జమానాకు వస్తే ఖుమాష్ రంగుకు అసలు దెబ్బ అక్కడే తగిలింది. మచిలీపట్నం కలంకారీ, చీట్ల బట్టలు ఇంగ్లండ్ ఆడవాళ్లకు తెగ నచ్చాయి. అక్కడి నేతగాళ్లు గోల చేస్తే పార్లమెంటు 1700లో, మళ్లీ 1721లో వాటిమీద నిషేధాలు పెట్టింది. 1813 నాటికి మన నూలుబట్ట మీద అక్కడ వందకు 70, 80 దాకా సుంకం ఉందని ఇంగ్లీషు చరిత్రకారుడు విల్సన్ స్వయంగా రాశాడు. ఇటు నుంచి పోతే అంత, అటు నుంచి వస్తే నామమాత్రం.

అది చాలదన్నట్టు దేశం లోపల కూడా చౌకీలు. మద్రాసు రాజధానిలో ఊరి నుంచి ఊరికి పోయే సరుకు మీద వేసే పన్నును సాయర్ అనేవాళ్లు. అరబీలో సాయిర్ నుంచి వచ్చిన మాట. పత్తి, నూలు, బట్ట, ఒక్కోసారి ఒక్కో చౌకీ. చౌకీకో రుసుం, దాని పక్కన చౌకీదార్ చేతికి ఇంకో రుసుం. 1844లో వచ్చిన చట్టంతో అవి పోయాయి. నిజాం రాజ్యంలో ఆ మహకమా పేరు కరోడ్‌గిరి. 1802 ఒప్పందం ప్రకారం కంపెనీ ఇలాకాకూ నిజాం ఇలాకాకూ మధ్య సరుకు మీద వందకు 5. నిర్మల్ నుంచి ఒక పెట్టె మన వైపు రావాలంటే పరాయి దేశం దాటినట్టే.

ఇక పేకముక్కలు. ఇంగ్లండ్‌లో పేకకట్ట మీద పన్ను కట్టారని గుర్తుగా ఇస్పేటు ఆసును 18వ శతాబ్దంలో సర్కారు స్టాంపు ఆఫీసే అచ్చేసేది. ఈ రోజుకీ ఆ ఒక్క ముక్క మీదే పెద్ద నఖ్షా ఉండటానికి కారణం అదే. దొంగ ఆసు అచ్చేసినందుకు 1805లో ఒకడిని ఉరి తీశారు. 1765లో అమెరికా వలసల మీద వేసిన స్టాంపు చట్టంలో పేకకట్టకు ఒక షిల్లింగు, పాచికల జతకు పది షిల్లింగులు. ఆ చట్టం మీద మొదలైన గొడవ చివరికి అమెరికా ఆజాదీ దాకా పోయింది. ఆటవస్తువు మీద పన్నును కోపంతో కాదన్న జనం ఔలాదే 2025లో ప్రపంచం ఆటవస్తువుల మీద పన్ను వేసింది. తారీఖ్‌కు కూడా హాస్యం తెలుసు.

19వ శతాబ్దం చివర్లో యూరప్ నుంచి మెషీన్ మీద అచ్చేసిన పేకముక్కలు మన బజార్లలోకి దిగాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1882లో, బ్రిటిష్ ఇండియా సర్కారు ఉప్పు, మద్యం, ఆయుధాల వంటివి కొన్ని వదిలేసి దిగుమతి సుంకాలన్నీ ఎత్తేసింది. 1894లో డబ్బుకు కటకట వచ్చి మళ్లీ వందకు 5 వేసేదాకా తలుపు బార్లా తెరిచే ఉంది. ఒక్కో పత్తాకు కాగితం అతికించి, ఎండబెట్టి, చేత్తో రంగు వేసి, లక్క పూసే ఉస్తాద్ ఒక కట్ట పూర్తిచేసేలోపు మెషీన్ వేల కట్టలు ఉమ్మేస్తుంది. సుంకం ఒక్కటే గంజిఫాను బతికించేదని నేను అనను. నవాబులు పోయారు, ముగ్గురు కూర్చుని లెక్క గుర్తుపెట్టుకునే తీరిక పోయింది. కానీ ఇంగ్లండ్ తన నేతగాడి కోసం వందకు 80 గోడ కట్టిన శతాబ్దంలోనే, మన కారీగర్‌కు ఒక కంచె కూడా దక్కలేదు.

ఇంకో లూటీకి సుంకం కూడా లేదు. మన పచ్చీసు 19వ శతాబ్దంలో అమెరికాలో పార్చీసీ అయింది. 1896లో ఇంగ్లండ్‌లో లూడో పేరుతో పేటెంటయింది. పరమపద సోపాన పటం అక్కడికి పోయి పాములు నిచ్చెనల ఆటగా తిరిగొచ్చింది. మన అద్దంకి బజారులో ఇప్పుడు లూడో అట్ట కొనే పిల్లాడికి అది ఇంగ్లీషు ఆట.

ఈ రోజు లెక్క

ఇప్పుడు అమెరికాలో బోర్డు ఆటల వ్యాపారం పెద్దది. ఆలోచన ఒక దేశానిది, తయారీ ఎక్కువగా చైనాది. 2025 ఏప్రిల్‌లో చైనా సరుకు మీద సుంకం 145 శాతానికి పోయింది. అంటే 10 డాలర్లకు తయారైన ఆట రేవులో దిగితే 14 డాలర్ల 50 సెంట్లు సుంకం. ఇది చైనా కడుతుందని చాలామంది అనుకుంటారు. కాదు. రేవులో సరుకు విడిపించుకునే దిగుమతిదారు కడతాడు. మోటుపల్లిలో ఓడ యజమాని కట్టినట్టే. తర్వాత ధరలో కలుపుతాడు, కలపలేకపోతే దుకాణం మూసుకుంటాడు. పక్షుల ఆట 'వింగ్‌స్పాన్' వేసిన స్టోన్‌మేయర్ గేమ్స్ లాంటి చిన్న కంపెనీలు సర్కారు మీద కోర్టుకెక్కాయి. పిల్లల చదువు బొమ్మలు చేసే లర్నింగ్ రిసోర్సెస్ వేసిన దావా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మే నెలలో ఆ 145 కాస్తా 30కి దిగింది. ఒక్క నెలలో అంత తేడా. రాతి మీద రేటు చెక్కించిన గణపతిదేవుడు ఇది చూస్తే ఏమనేవాడో!

మన మీద 2025 ఆగస్టు 7న 25 శాతం, ఆగస్టు 27న ఇంకో 25 వేశారు. అన్నీ కలిపి 50. డాలస్‌లో ఉన్న మన పిల్లలు ఒక కొండపల్లి బొమ్మల సెట్టు తెప్పించుకోవాలన్నా, అమృత్‌సర్ చదరంగం కొనాలన్నా అప్పుడు ఆ రేటు తగిలేది.

మన దేశం కూడా తక్కువ తినలేదు. బొమ్మల మీద దిగుమతి సుంకం 2018లో 10 నుంచి 20కి, 2020లో 60కి, 2023లో 70కి పెరిగింది. బోర్డు ఆటలు, పేకముక్కలు సుంకం పుస్తకంలో వేరే పద్దు. అవి 2018లో 10 నుంచి 20కి పోయాయి. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి చేశారు. నమోదైన హస్తకళాకారులకూ, జీఐ గుర్తింపు ఉన్న బొమ్మలకూ ఆ ముద్ర నుంచి మినహాయింపు ఇచ్చారు. చిన్నవాడిని చౌకీ దగ్గర ఆపకూడదనే పాత ఉసూల్ ఇక్కడ కాస్త కనిపిస్తుంది, షుకర్.

జీఎస్టీ సంగతీ చెప్పాలి. హస్తకళల జాబితాలో 'గంజిఫా కార్డు' అని పేరు పెట్టి ఒక లైను ఉంది. దానికి 12 శాతం ఉండేది. మెషీన్ పేకముక్కలకూ, చదరంగం, క్యారమ్ బోర్డులకూ అంతే. 2025 సెప్టెంబర్ 22 నుంచి రెండూ 5కి దిగాయి. తగ్గడం మంచిదే. కానీ చేత్తో నెలల తరబడి గీసిన కట్టకూ, నిమిషంలో అచ్చయిన కట్టకూ రేటు అప్పుడూ ఒకటే, ఇప్పుడూ ఒకటే.

సుంకం గోడ కట్టినంత మాత్రాన కారీగర్ బతకడు. గోడ లోపల ప్లాస్టిక్ ఫ్యాక్టరీ కూడా ఉంటుంది కదా. పైగా చెక్క కావాలి. నిర్మల్, కొండపల్లి బొమ్మలకు పొణికి చెక్క, ఏటికొప్పాక లక్కబొమ్మలకు అంకుడు చెక్క. కొట్టినంత వేగంగా నాటకపోతే హునర్ ఉండి కూడా చేతులు ఖాళీ. ఏటికొప్పాకలో సి.వి. రాజు పసుపు, నీలిమందు లాంటి చెట్ల రంగులను మళ్లీ లక్కలోకి తెచ్చారు. 2023లో పద్మశ్రీ వచ్చింది. 2007లో సీసం రంగు వల్ల చైనాలో చేసిన బొమ్మలను ప్రపంచమంతా వెనక్కి పిలిచాక, మరుసటి ఏడాదే అమెరికా బొమ్మల భద్రతకు కఠిన చట్టం తెచ్చింది. అలాంటి చట్టాల ముందు భయపడక్కర్లేని రంగు అది. పిల్లాడు నోట్లో పెట్టుకున్నా ఫికర్ లేదు.

చదరంగం పావులు చెక్కే షీషమ్ మీద 2017లో అంతర్జాతీయ ఆంక్షలు వచ్చాయి. ఆ జాతి కలప అంతటినీ కాపాడాలని పెట్టిన రూల్ అది. ఉద్దేశం మంచిది. కానీ సర్టిఫికెట్ ఖర్చు అమృత్‌సర్, సహారన్‌పూర్ చిన్న ఖార్ఖానాల నెత్తిన పడింది. సహారన్‌పూర్ చెక్కపనివాళ్లలో మనవాళ్లే ఎక్కువ. ఒక్కో వస్తువులో చెక్క 10 కిలోల లోపు ఉంటే సర్టిఫికెట్ అక్కర్లేదని 2022 పనామా సమావేశంలో సడలించారు. దంతానికి సడలింపు ఉండకూడదు, ఎందుకంటే ఏనుగును చంపకుండా ఆ వ్యాపారం నడవదు. పెరిగే చెట్టు సంగతి వేరు, నాటి, కొట్టి, మళ్లీ నాటవచ్చు. ఆ తేడా తెలిసిన రూలే ఇన్సాఫ్ ఉన్న రూల్.

కొనేవాడి వంతు

మన ఇళ్లల్లో ఒక సవాల్ వెంటనే వస్తుంది: అసలు ఈ ఆటలే జాయజ్ కానప్పుడు ఇంత బహస్ ఎందుకని. జూదం హరామ్, అందులో ఇఖ్తిలాఫ్ లేదు. పాచికల నర్ద్‌ను హదీసుల్లో మందలించారు. పందెం లేని షత్రంజ్ గురించి ఇమాముల మధ్య భేదం ఉంది. హనఫీలు కఠినంగా ఉన్నారు, ఇమామ్ షాఫీ కొంత సడలించారు. మీ ఇంటి సంగతి మీ ఆలిమ్‌ను అడగండి. కానీ ఏ మస్లక్ అయినా ఒప్పుకునే మాట ఒకటుంది. తూకంలో దగా చేయొద్దు, చెమట ఆరకముందే కూలీ ఇవ్వు. అది పేకముక్కకూ వర్తిస్తుంది, పలకకూ వర్తిస్తుంది, ఈద్ రోజు పిల్లలకు కొనే చెక్క బొంగరానికీ వర్తిస్తుంది.

సుంకం సర్కారు పని. అది వందకు మూడు వేస్తుందో, యాభై వేస్తుందో మన చేతిలో లేదు. అది అడగని సవాల్ మాత్రం మనం అడగగలం. ఈసారి ఈదీ డబ్బుతో పిల్లలు ఆటవస్తువు కొంటామంటే డబ్బా తిప్పి చూడమనండి. ఎక్కడ తయారైంది, ఏ చెక్క, ఏ రంగు, ఎవరి చెయ్యి? డబ్బా మీద ఏమీ రాసి లేకపోతే దుకాణదారును అడగమనండి. అతనికి తెలియకపోయినా సరే, నలుగురు పిల్లలు అడిగాక ఐదోసారి తెలుసుకుని పెట్టుకుంటాడు. గంజిఫాలో ఖుమాష్ రంగుకు ఒక మీర్, ఒక వజీర్ ఉన్నారు గానీ, ఆ సరుకు చేసినవాడి బొమ్మ ఒక్క ముక్క మీదా లేదు. ఆ ముక్కను గీయాల్సింది కొనేవాడే.